పెళ్ళిబండికి నేను బిగించిన ఫ్యూజు పెట్టె

మావయ్య పోయాడని పొద్దున్నే ధవళేశ్వరం నుంచి ఫోను వచ్చింది. అయ్యో అన్నాను, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే, మీరు తిట్టుకున్నా సరే, "హమ్మా, సంజాయిషీ చెప్పకుండానే తప్పించుకుపోయాడే!" అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచీ చెబుతాను. కానీ నా కోపం నేను చెప్పుకోకపోతే నా తరఫున చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

మావయ్య మా అమ్మకి తమ్ముడు. చేసేది గుమాస్తా ఉద్యోగం, తిరిగేది సైకిలు మీద. తాతగారు వదిలి వెళ్ళిన పాత నల్ల కారు మాత్రం ఒకటుండేది. ఊరందరికీ అది పెళ్ళిబండి. ఎవరింట్లో ఊరేగింపైనా దానికి పూలు చుట్టి, రంగు బల్బుల తోరణాలు కట్టి, వాటిని బండి బ్యాటరీకే తగిలించేవారు. ఆ కాలపు బండికి ఉన్నవి రెండే ఫ్యూజులు. పాపం, ఎంతని మోస్తాయి? నడివీధిలో ఠప్పున ఒకటి పోయేది. దాంతో హారనూ వైపరూ దీపాలూ అన్నీ కలిసి పడుకునేవి. డ్రైవరు సిగరెట్టు పెట్టెలో వెండికాగితం చించి ఫ్యూజుకి చుట్టి నడిపించేవాడు. ఒకసారి ఆ కాగితం పుణ్యమా అని వైరు కాలి, పెళ్ళికొడుకు కూర్చున్న సీటు కిందనుంచి పొగ వచ్చింది. పట్టుపంచె ఎగ్గట్టి ఆయన దూకిన దూకు ఊళ్ళో చాన్నాళ్ళు చెప్పుకున్నారు.

నేనప్పుడు డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. "కొత్త పెట్టె బిగిద్దాం, రావే" అన్నాడు మావయ్య. మా ఇంట్లో ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చిన మొదటి మనిషి ఆయనే. తర్వాత అదే బండి మీద డ్రైవింగూ నేర్పాడు. అది మరిచిపోతే నాకు పుట్టగతులుండవు.

ముందు బ్యాటరీ వైరు తీయించాడు. నేను హుషారుగా కటింగ్ ప్లేయరు అందుకోగానే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగవే తల్లీ! ఎక్కణ్ణించి వచ్చిందో తెలీకుండా ఏ వైరూ కొయ్యకు."

అమ్మ కుట్టుమిషను దగ్గర రంగు గుడ్డముక్కలు ఏరుకొచ్చి ఒక్కో వైరుకీ ఒక్కో గుర్తు కట్టాను. తుప్పు పట్టిన పాత పెట్టె ఊడదీయడానికే ఒక పూట పట్టింది. రాజమండ్రి నుంచి తెచ్చిన కొత్త పెట్టెలో హారనుకొక ఫ్యూజు, వైపరుకొకటి, ఊరేగింపు బల్బులకు విడిగా మరొకటి. చివరికి స్విచ్చి వేస్తే అన్నీ ఒక్కసారి వెలిగాయి. మావయ్య చప్పట్లు కొట్టి వీధంతా వినేలా అరిచాడు. "నీ ఊరేగింపు ఈ బండిలోనేనే! దేవుడు దిగొచ్చి అడిగినా ఆ రోజు ఎవరికీ ఇవ్వను!"

నమ్మాను. ఎందుకు నమ్మానో ఇప్పుడు నవ్వొస్తుంది. కాదని చెప్పడం రాని మనిషి ఆయన. మాకని తెచ్చిన మామిడిపళ్ళు దారిలో ఎవరో బాగున్నాయన్నారని బుట్టతో సహా ఇచ్చేసి వచ్చేవాడు. అత్తయ్య అడిగితే, "మనవాళ్ళే కదా, ఏమీ అనుకోరులే" అనేవాడు.

నా పెళ్ళి మంచి ముహూర్తానికే కుదిరింది. మంచి ముహూర్తమంటే మా వైపు సగం ఊళ్ళో పెళ్ళిళ్ళే. నన్ను గంపలో కూర్చోబెట్టి పీటల మీదకి తేవాల్సిన మేనమామ, సైకిలు దిగి చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"బండేది మావయ్యా?"

"మా ఆఫీసరు గారమ్మాయి పెళ్ళి కూడా ఇవాళేనే. అడిగారు. కాదనలేకపోయాను. మనవాళ్ళే కదా, నువ్వేమీ అనుకోవులే."

గంప ఎత్తాడు. ఆయన చెవి పక్కనే ఉన్నా, మొహం అటు తిప్పేసుకున్నాను. సాయంత్రం మా ఊరేగింపు ట్రాక్టరు మీద జరిగింది. కాలవ వంతెన దగ్గర ఎదురొచ్చిన ఊరేగింపుకి దారివ్వడానికి మా ట్రాక్టరు ఆపారు. వచ్చింది మా బండే. తోరణాలన్నీ వెలుగుతున్నాయి, ఒక్క బల్బు ఆరితే ఒట్టు. ఎందుకారుతుంది, బిగించింది నేనైతే! కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. పుట్టింటి బెంగ అనుకుని మా ఆయన ఓదార్చాడు.

మావయ్య ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి నా ముందు పెట్టి "తినవే" అనేవాడు. తినేదాన్ని. కోపం మాత్రం అరిగేది కాదు.

ఆయన పోయాక ఊరు ఊరంతా వచ్చింది. "మాకెప్పుడూ కాదనలేదండి" అంటూ ఏడ్చారు. నిజమే. వాళ్ళకి చెప్పలేని కాదులన్నీ తెచ్చి మా నెత్తిన పోశాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఎవరో పెద్దమనిషి వచ్చారు. "వచ్చే ముహూర్తానికి మా అమ్మాయి పెళ్ళండి. బండిస్తానని ఆయన మాటిచ్చారండి."

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "బండి ఖాళీ లేదండి."

"ఆయనుంటే ఇచ్చేవారండి."

"ఇచ్చేవారండి. నేనివ్వనండి."

ఆ ఇంట్లో ఆ మాట వినడం నాకదే మొదలు. వచ్చినాయన వెళ్ళగానే అత్తయ్య నావైపు తిరిగి "బండి తియ్యవే" అంది.

"ఎక్కడికత్తయ్యా?"

"బ్యారేజీ దాకా. కాపురానికొచ్చిన కొత్తలో ముందు సీట్లో కూర్చోబెట్టి గట్టు మీద తిప్పుతానన్నాడు మీ మావయ్య. అనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు బండి అడిగేవాళ్ళు."

నా ఒక్క ఊరేగింపుకే ఇన్నేళ్ళు రగిలిపోయాను.

"ఏడాది తిరక్కుండా గడప దాటతావా!" అని పక్కింటావిడ గోడ మీంచి కేకేసింది. అత్తయ్య వినిపించుకోకుండా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఈమధ్య ఎవరి పెళ్ళికో కట్టిన తోరణాలు బండికి ఇంకా అలాగే ఉన్నాయి.

"అవి కూడా వెయ్యవే" అంది.

పట్టపగలు, గట్టు మీద, రంగురంగుల బల్బులన్నీ వేసుకుని వెళ్ళాం. పెళ్ళికూతురెవరా అని జనం సైకిళ్ళాపి, వంగి మరీ లోపలికి చూశారు. బోసి మెడతో, అత్తయ్య తలెత్తుకుని కూర్చుంది.