నోరు మూసి ఇల్లు నింపిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ఆ ఏప్రిల్ నెలలో పద్మారావు నగర్‌లోని మా ఇంటి పై అంతస్తు ఎలా ఉండేదో ముందు చెప్తాను, రెండు పోర్షన్లు, ఎనిమిది మంచాలు, ఎనిమిది పరుపులు, ప్రతి పరుపు మీదా ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పటి, పడుకోవడానికి మాత్రం ఒక్క నరమానవుడు లేడు! మా ఆయన రత్నంగారు ఫ్యాక్టరీలో ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, ముప్పై ఏళ్ల కష్టానికి చేతికొచ్చినదంతా ఆ పై అంతస్తు మీదే పెట్టారు. పొద్దున లేచి ఆ ఖాళీ గదుల్లోకి వెళ్లి, ఫ్యాన్లు వేసి చూసి, మళ్లీ ఆపి, తలుపు దగ్గరికి వేసి కిందికి వచ్చేవారు, చాయ్ గ్లాసు చేతిలో పెడితే చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చునేవారు. ఆ మనిషి మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఏడుపొచ్చినప్పుడల్లా ఆయన్నే తిట్టేదాన్ని.

అసలు మేం ఆ పోర్షన్లు కట్టింది సాఫ్ట్‌వేర్ పిల్లల కోసం. అవి ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్న రోజులు, ఎవరింట్లో ఒక గది ఖాళీగా ఉన్నా సాఫ్ట్‌వేర్ వాళ్లకే ఇస్తామనేవారు, మేమూ ఆ మాట నమ్మాం. ముగ్గురు వచ్చి చూశారు కూడా, గదులు బాగున్నాయన్నారు, నీళ్లు బాగున్నాయన్నారు, మాదాపూర్ ఎంత దూరమని అడిగారు, రెండు బస్సులు మారాలని చెప్పగానే చెప్పులేసుకుని వెళ్లిపోయారు! వాళ్లకు ఆఫీసు పక్కనే ఇల్లు కావాలి, మా ఇల్లేమో ఊరికి ఈ చివర.

అప్పుడు మా సందు మొదట్లో ఆటో పెట్టుకునే యాదగిరి ఒక మాట చెప్పాడు. "అక్కా, పొద్దుగాల స్టేషన్ల దిగేటోళ్లను ఎప్పుడన్న చూసినవా? పిల్లా పీచుతోని పట్నం చూడనీకి వస్తున్నరు, ఆడోళ్లను తీస్కొని లాడ్జిలల్ల ఉండలేక పరేషానైతున్నరు. నెలకు కాదు, రోజుకింత అని ఇయ్యరాదు?" అన్నాడు. నిజమే కదా! విశాఖ వైపు నుంచి, వరంగల్ వైపు నుంచి సెలవులొస్తే చాలు జనం బండ్ల మీద బండ్లు దిగేవారు, అంతకుముందు చార్మినారూ జూ పార్కూ చూసి వెళ్లేవాళ్లు, ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద బుద్ధుణ్ణి చూడాలి, నెక్లెస్ రోడ్డు మీద నడవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ హైటెక్ సిటీ అద్దాల మేడ ముందు నిలబడి ఫోటో దిగాలి. మా ఆయన కళ్లలో వెలుగొచ్చింది, మంచాలు కొన్నారు, గ్యాస్ పొయ్యిలు పెట్టించారు, మొదటి కుటుంబం పెట్టెలతో మెట్లెక్కిన రోజు మోకాళ్ల మీద పడి దేవుణ్ణి స్తుతించారు.

మరి ఎందుకు ఖాళీ అయ్యాయని మీరు అడుగుతారు. ఇదిగో, ఈ నోటి వల్ల! నన్నెరిగినవాళ్లు మీలో చాలామంది ఇప్పుడే నవ్వుతున్నారు, నవ్వండి, పర్వాలేదు. మేకులు కొట్టరాదు, తలకు నూనె రాసుకుని దిండు మీద పడుకోరాదు, చేపలు వండరాదు, మెట్ల మీద చప్పుడు చేయరాదు అని అట్టల మీద పెద్దక్షరాలతో రాసి గోడ గోడకూ తగిలించాను, అవి చాలవన్నట్టు నేనొక అట్టనై వాళ్ల వెంటే తిరిగేదాన్ని. పైన బకెట్ చప్పుడైతే కింద నుంచి "ఏందమ్మా, గన్ని నీళ్లా? మీ ఊర్లె నది ఉందేమో, ఇక్కడ నల్లా!" అని అరిచేదాన్ని. నా ఇల్లు నేను శుభ్రంగా ఉంచుకుంటున్నాను, ఇందులో తప్పేముంది అనుకునేదాన్ని సహోదరీలారా, అదే నా గర్వం. విజయనగరం నుంచి వచ్చిన ఒక కుటుంబం నాలుగు రోజులుంటామని చెప్పి రెండో రోజే పెట్టెలు కట్టారు, వాళ్లలో పెద్దామె గుమ్మం దగ్గర ఆగి, కోపం కూడా లేకుండా, "ఇల్లు బాగుంది గానమ్మా, నీ నోటి కింద ఉండలేకపోతన్నాం" అంది. ఆ మాటకు సిగ్గుపడాలి కదా, నేను వాళ్లు పోయాక దిండ్లకు నూనె అంటిందేమోనని చూసుకున్నాను.

ఆ తర్వాత ఆటోవాళ్లు మా ఇంటి పేరు చెప్పడం మానేశారు. యాదగిరి కూడా చేతులు జోడించాడు, "అక్కా, మీ ఇంటికి తీస్కపోతే ఆ తిట్లన్ని నాకు పడుతున్నయ్, నన్ను ఇడ్సిపెట్టు" అన్నాడు. మే నెల సెలవులు దగ్గరపడుతున్నా పై అంతస్తు అలాగే ఉండిపోయింది. అప్పుడే ఒక బిల్డర్ వచ్చి ఇల్లంతా పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతానని, ఇంటికి మంచి ధర ఇస్తానని అడిగాడు, మా ఆయన కాదనలేదు. మామయ్య కట్టించిన ఇల్లు, మా ఆయన కష్టమంతా పోసిన ఇల్లు, అది పడగొట్టాక మేం ఎక్కడో మూడో అంతస్తులో రెండు గదుల్లో పడి ఉండాలి! నేను రోజూ పొద్దున్నే సందంతా వినబడేలా ప్రార్థించేదాన్ని. "ప్రభువా, మంచి మనుషులను పంపయ్యా! నీళ్లు తక్కువ వాడేవాళ్లను పంపు, చేపలు వండనివాళ్లను పంపు, చెప్పిన మాట వినేవాళ్లను పంపు తండ్రీ!" చూశారా, గోడకున్న అట్టలు చాలక దేవుడికి కూడా ఒక అట్ట రాసిచ్చాను!

ఆయన వినడంలో ఆలస్యం చేయలేదు, కానీ నేనడిగినట్టు వినలేదు. ఒక ఆదివారం పాట పాడుతుంటే గొంతు బొంగురుపోయింది, వారమైనా తగ్గలేదు, రెండు వారాలైనా తగ్గలేదు, మింగితే నొప్పి, మాట్లాడితే ఎండుటాకు నలిపినట్టు శబ్దం. ఆసుపత్రిలో డాక్టరుగారు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, లోపల కాయలాంటిది ఉంది, తీసి పరీక్షకు పంపాలన్నారు. క్యాన్సరా అని మా ఆయన అడిగారు, రిపోర్టు వచ్చేదాకా చెప్పలేమన్నారు. ఆపరేషన్ చేసి, "అమ్మా, మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, గుసగుసలు కూడా వద్దు" అన్నారు. పాస్టరమ్మగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, బైబిల్లో ఒక యాజకుని నోరు నెలల తరబడి మూసిన దేవుడే మళ్లీ తెరిచాడు, భయపడకు అన్నారు. నేను పలక మీద రాసి జవాబిచ్చాను.

ఇప్పుడు దేవుని కార్యం వినండి! నాకు మాట లేదన్న కబురు యాదగిరికి తెలిసింది. పాపం బాధపడ్డాడు, అరటిపండ్లు తెచ్చి చూసి వెళ్లాడు, వెళ్లినవాడు నేరుగా ఆటో స్టాండుకు పోయి "మా అక్కకు మూడు వారాలు మాటలు బంద్! ఎవరి దగ్గరన్న ఫ్యామిలీలుంటే తీస్కరాండ్రి!" అని చాటింపు వేశాడు! మర్నాడు పొద్దున్నే రెండు ఆటోల నిండా జనం! మా ఆయన తాళాలు తీస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ ఉడికిపోయాను, వాడిని తిట్టాలంటే నోరు లేదు.

వచ్చినవాళ్లు బొబ్బిలి వైపు వాళ్లు, బడిలో పిల్లలకు అన్నం వండే పార్వతమ్మ అనే ఆమె, ఆమె తోడికోడళ్లూ, పిల్లలూ. మరుసటి రోజు మధ్యాహ్నం పైన బకెట్ మీద బకెట్ చప్పుడు! నాకు ప్రాణం ఆగలేదు, చెయ్యెత్తుకుని మెట్లెక్కి పరుగెత్తాను, డాబా మీద పార్వతమ్మ తడి చీర పిండుకోలేక అవస్థ పడుతోంది. నేను నోరు తెరిచాను, గొంతు మీద చెయ్యి పడింది, డాక్టరు మాట గుర్తొచ్చింది, మూసేశాను. నా చెయ్యి గాల్లోనే ఉంది. ఆమె నన్ను చూసి మొహమంతా నవ్వుతో, "రా తల్లీ, సాయానికొచ్చావా, బేగా ఆ కొస పట్టు" అని చీర కొస నా చేతిలో పెట్టింది!

ఏం చేస్తాను? పట్టుకున్నాను. ఆమె అటు మెలితిప్పింది, నేను ఇటు మెలితిప్పాను, నీళ్లన్నీ నా కాళ్ల మీద పడ్డాయి, ఒకటి కాదు, ఏడు చీరలు పిండాం. పిండుతున్నంత సేపూ ఆమె చెబుతూనే ఉంది, పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఊరు దాటలేదట, తోడికోడళ్లు నలుగురూ రెండేళ్లు కూడబెట్టుకుని వచ్చారట, "మా ఆడపడుచు కూతురికి ఆ అద్దాల మేడలో ఉద్యోగమొచ్చిందమ్మా, అది ఎక్కడ కూర్చుంటాదో ఒక్కపాలి కళ్లారా సూసి పోదామని వచ్చినాం" అంది. లోపలికి రానివ్వలేదట, రోడ్డుకు అవతల నిలబడి ఏ అంతస్తో ఊహించుకుని చెయ్యూపి వచ్చారట. అది చెప్పి పకపకా నవ్వింది, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ నా మెట్లెక్కినవాళ్లలో ఎంతమంది ఇలా రెండేళ్లు కూడబెట్టుకుని వచ్చారో, వాళ్లకు దిండు మీద నూనె గురించి నేనేమేం అన్నానో తలుచుకుంటూ మెట్లు దిగాను.

ఆ పూట గదిలోకి వెళ్లి మోకరించాను. అన్నేళ్లలో శబ్దం లేకుండా ప్రార్థించడం అదే మొదలు, చెప్పడానికి ఏమీ దొరకలేదు, ఊరికే ఉండిపోయాను, చాలాసేపటికి లోపల ఒక్క మాట కదిలింది. "ప్రభువా, ఈ నోరు నీదే. తెరిస్తే నీకు పనికొచ్చేలా తెరువు, లేకపోతే ఇట్లనే ఉండనియ్యి, నాకు సమ్మతమే." లేచి వెళ్లి గోడల మీద అట్టలన్నీ నా చేతులతోనే పీకేశాను.

మాట్లాడలేనివాళ్లకు చూడటం తప్ప పనేముంటుంది? చూశాను. తెల్లవారేసరికి బండి దిగి వచ్చేవాళ్లకు ముందు వేడినీళ్లు కావాలి, బట్టలు ఆరేసుకోవడానికి పొడుగాటి తాడు కావాలి, పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో కట్టుకుని ఊరు చూడటానికి పోతారు కాబట్టి పెద్ద గిన్నె కావాలి, గది ఖాళీ చేశాక సాయంత్రం బండి దాకా సామాను పెట్టుకోవడానికి ఒక మూల కావాలి. ఇవన్నీ పలక మీద రాసిస్తే మా ఆయన తెచ్చిపెట్టారు. పార్వతమ్మ వాళ్లు పోయి వాళ్ల ఊళ్లో చెప్పారు, అక్కణ్ణుంచి ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి, వాళ్ల వెనుక కరీంనగర్ వాళ్లు, శని ఆదివారాలకు వరంగల్ వాళ్లు! యాదగిరికి రోజంతా బేరాలే, సందు చివర ఇడ్లీ బండి ఆమె ఇంకో పొయ్యి పెట్టింది. నగరం చూడటానికి వచ్చే ఆ మామూలు జనమే మా ఇల్లు నిలబెట్టారు సహోదరులారా, మేం కలలు కన్న సాఫ్ట్‌వేర్ దొరలు కాదు! ఇంతలో రిపోర్టు వచ్చింది, క్యాన్సర్ కాదు, మామూలు కాయే! దేవునికే మహిమ!

అయినా ఇల్లు ఇంకా మాది కాలేదు. మా ఆయన బిల్డర్‌కు వద్దని చెప్పలేదు. నేను పలక మీద ఎందుకని రాసి అడిగితే, తల దించుకుని చెప్పారు. "సుగుణా, ఏమనుకోకు. మూడు వారాలు నడిచిందంటే నువ్వు మాట్లాడకపోవట్కే. నోరొచ్చినంక మల్ల గదే కథ అయితే? నాకు ఇంకోసారి ఆ ఖాళీ గదులు చూసే ఓపిక లేదు." ఆ భయం ఆయనకు పెట్టింది నా నోరే కాబట్టి పలక తుడిచేశాను. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు సాయంత్రమే వచ్చి మాట తీసుకుంటానని బిల్డర్ చెప్పి వెళ్లాడట.

ఆ రోజు డాక్టరుగారు గొంతు చూసి ఇక మాట్లాడొచ్చన్నారు. నేను మాట్లాడలేదు. మొదటి మాట దేవునికి స్తోత్రం చెప్పాలని, అదీ ఇంటికెళ్లి మోకరించి చెప్పాలని నోరు బిగబట్టుకుని యాదగిరి ఆటోలో కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి వరండాలో కుర్చీలో బిల్డర్, ఆయన సరే గేటు ముందు పదకొండు మంది! ఏ కబురూ లేదు, ఎవరు చెప్పారో తెలియదు, ఒక ముసలాయన, ముగ్గురు ఆడవాళ్లు, మిగతా అందరూ పిల్లలు, మా వరండా నేను పొద్దున కడిగి ముగ్గు పెట్టుకుని వెళ్లాను, ముగ్గు మీదే మూటలు, ఎవరో తాగిన సోడా సీసా దొర్లి ఆ తడి అంతా తొక్కి గడప దాకా అడుగులు! ఖాళీ ఉన్నది ఒక్క పోర్షనే, నాలుగు మంచాలే. యాదగిరి ఆటో దిగకుండా కళ్లు మూసుకున్నాడు. మా ఆయన నా వైపు చూశారు, నన్ను పెళ్లిచూపుల నాడు కూడా అంత భయంగా చూడలేదు.

నోటిదాకా ఏదో వచ్చింది సహోదరులారా, అబద్ధం చెప్పను. కానీ ఆ ముసలాయన పాపం లేచి నిలబడి చేతులు జోడించాడు, దూరం నుంచి వచ్చిన దుమ్ము ఆయన కనురెప్పల మీద ఉంది. నా నోరు తెరుచుకుంది. "రండి నాయనా, లోపలికి రండి, పిల్లలకు ఆకలైతున్నట్టుంది, అన్నం పెడతా" అన్నాను. అదే నా మొదటి మాట! స్తోత్రం ఇంట్లో చెప్దామనుకున్నాను, దేవుడు గేటు దగ్గరే చెప్పించుకున్నాడు. మా ఆయన బిల్డర్ వైపు తిరిగి, "సార్, ఇల్లు అమ్మేది లేదు, జెర ఆ కుర్చీ ఇస్తరా, పెద్దమనిషి కూసుంటడు" అన్నారు.

ఈ రోజు పక్క ఇంటి పై భాగం కూడా మేమే తీసుకుని నడుపుతున్నామంటే, మన సంఘంలో ఇంకో ఇద్దరు ధైర్యం చేసి తమ ఇళ్లలో పోర్షన్లు వేశారంటే, ఇది నా తెలివి కాదు, ఘనతంతా ప్రభువుకే చెందాలి. మీలో ఎవరి ఇల్లు ఖాళీగా ఉందో, ఎవరు ఏ తలుపు కోసం కన్నీళ్లతో కనిపెట్టుకుని ఉన్నారో నాకు తెలియదు, ఆయనను నమ్మండి, నమ్మి ఒక్కసారి ఆయన ముందు ఊరుకోండి! ఇరవై ఏళ్లు నేను మాట్లాడితే ఆయన విన్నాడు, మూడు వారాలు ఆయన మాట్లాడితే నేను విన్నాను, నా ఇల్లు నిండింది. ఇంక కూర్చుంటాను, మధ్యాహ్నం బండికి శ్రీకాకుళం వాళ్లు దిగుతున్నారు, పోయి ఎసరు పెట్టాలి. ఆమేన్!