కక్ష్యలో సుగుణక్క

జహీరాబాద్ దాటగానే బొంబాయి రోడ్డు పక్కన అల్లం బస్తాలు లారీకి ఎత్తుతుంటే, పచ్చిమట్టి అంటుకున్న ఆ ఘాటు బస్సు కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగులుతుంది. పక్కసీటు వాళ్లు హాయిగా పీలుస్తారు. నాకు మాత్రం ఎనభైల మొదట్లో, అల్లం తవ్వే రోజుల్లో మా ఇంట్లో పుట్టిన రగడ గుర్తొస్తుంది.

చిరాగ్‌పల్లి దగ్గర మాది చిన్న ఊరు. మా నాయినకూ పెద్దనాయినకూ వాకిలి ఒకటే, కల్లం ఒకటే, బావి ఒకటే. జొన్నకంకులు పాలు పట్టినప్పుడు కాల్చి నలిపిన ఊచబియ్యం, గానుగ దగ్గర మోదుగాకులో పోసిచ్చే వేడి బెల్లప్పాకం, కాముని పున్నమికి రెండు పొయ్యిల మీద కాలి ఒకే గంపలో పడే పోలెలనే బొబ్బట్లు, ఇవన్నీ ఎవరి ఇంటివో మేమెప్పుడూ అడగలేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావిలో నీళ్లు అడుగంటి, మోటారు వంతు దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. పెద్దనాయిన చెరకు ఎండింది, మాది పచ్చగా ఉంది. అప్పట్నుంచి ఇద్దరూ ఎదురుపడితే దగ్గి పక్కకు తప్పుకునేవారు, వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగింది.

సుగుణక్క పెద్దనాయిన కూతురు, నాకంటే మూడేళ్లు పెద్దది. జహీరాబాద్ బజార్లో విత్తనాల దుకాణం నడిపే మా నాయిన, రోజూ పోతూ పోతూ ఆమెను సైకిలు వెనక కూచోబెట్టుకుని హైస్కూలు దగ్గర దింపేవాడు. తమ్ముడు తోలుకుపోతున్నాడనే పెద్దనాయిన ఆడపిల్ల చదువుకు ఒప్పుకున్నాడు. అందుకే ఆ గొడవకు అందరికంటే ఎక్కువ భయపడింది అక్కే.

"గీళ్లు మాట్లాడుకోకుంటే నన్ను బడికి ఎవలు తోల్కపోతరే?" అని నన్నడిగింది ఒకరోజు.

ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టారని రేడియో వార్తల్లో విని, దాని సంగతంతా బడిలో అడిగి తెలుసుకుని, మాకు రాకెట్ ఆట నేర్పింది కూడా అక్కే. కల్లం నడుమ ఎడ్లు తిరిగే గుంజే భూమి. నడుముకు తాడు కట్టుకుని దాని చుట్టూ పరిగెత్తేవాళ్లు ఉపగ్రహం. మొదట్లో తాడు గుంజకు చుట్టుకుపోయి, ఉపగ్రహం చుట్టు చుట్టుకూ దగ్గరికి జరిగి, చివరికి ముక్కు పగలగొట్టుకునేది. అక్క బండి సామాన్లలోంచి ఒక ఇనుప కడియం తెచ్చి, ఆముదం పూసి, గుంజ మెడకు తొడిగి తాడు దానికి కట్టింది. ఇక తాడు చుట్టుకోలేదు. మోయాల్సిన బరువు మా తమ్ముడు చంద్రం. అయిదేళ్లకే జొన్నబస్తాలా ఉండేవాడు. వాణ్ని వీపున ఎక్కించుకుని అక్క పరిగెడితే నేనూ మా చెల్లీ రాకెట్‌లా వెనకనుంచి తోసేవాళ్లం. ఊపందుకున్నాక ఒకరం తప్పుకోవాలి, ఇంకాసేపటికి రెండోవాళ్లు. ఇద్దరం ఒక్కసారే వదిలేస్తే బరువుతో సహా ఉపగ్రహం గడ్డివాములో కూలేది.

ఒక సాయంత్రం మా ఉపగ్రహం మొదటిసారి ఏ ఆటంకం లేకుండా తిరిగింది. ఆ సంతోషంలో చంద్రం ఎప్పటిలాగే పెద్దనాయిన కంచం పక్కన చేరి, పెద్దమ్మ ఎటు పోయావురా అనడిగితే, నోట్లో రొట్టెతోనే చెప్పాడు.

"సుగుణక్కను కక్షల వెట్టినం."

పెద్దనాయిన చెయ్యి కంచంలోనే ఆగిపోయిందట. ఎవరు పెట్టారని అడిగితే, మా ఇంట్లో అందరం అన్నాడట వాడు.

తెల్లవారి పెద్దనాయిన మా గడప అవతలే నిలబడ్డాడు.

"పిల్లను గూడ కక్షల వెడ్తివారా?"

రాకెట్ సంగతి మా నాయినకు బొత్తిగా తెలియదు. ఆయన మనసు నిండా మోటారే.

"కక్ష వెట్టింది నువ్వే గద అన్నా."

సుగుణక్క పరిగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాయినా, గది ఆట. కక్ష గాదు, కక్ష్య."

"అవు బిడ్డా, నేను గూడ గదే అంటున్న," అన్నాడు పెద్దనాయిన.

అక్క మళ్లీ చెప్పింది, ఏడుస్తూ చెప్పింది. ఆ కింది య ఒత్తు ఎవరి చెవికీ ఎక్కలేదు. చెప్పేకొద్దీ అదే మాటై వినపడింది. నిజానికి వాళ్లకు వేరే మాట వినాలనీ లేదు. నెల తిరక్కుండా వాకిట్లో గోడ లేచింది. మా నాయిన కొన్నాళ్లు పొద్దున్నే గోడ పక్కన ఆగి సైకిలు బెల్లు కొట్టి చూశాడు. అవతలి తలుపు తెరుచుకోలేదు. తర్వాత బెల్లు కొట్టడం మానేశాడు. అక్క చదువు అక్కడితో ఆగింది, రెండేళ్లకు కోహీర్‌లో పెళ్లి చేశారు, మాకు పిలుపు లేదు. నాకు ఇప్పటికీ ఇద్దరి మీదా కోపమే.

ఇప్పుడు ఆ అన్నదమ్ములు లేరు, మాట్లాడుకోకుండానే పోయారు. కల్లం జాగాలో లారీలు ఆపుకుంటున్నారు. మొన్న ఒక పెళ్లిలో సుగుణక్క కనపడితే చాలాసేపు చేతులు పట్టుకుని కూచున్నాం. ఆట సంగతి నేనే ఎత్తాను.

"ఎక్కిచ్చుడే ఆడినం గదనే," అంది. "దించుడు ఎవలం నేర్వకపోతిమి."

ఎదురు బంతిలో అక్క మనవరాలూ నా కొడుకూ పక్కపక్కనే కూచుని భోంచేస్తున్నారు. ఒకరికొకరు ఏమవుతారో వాళ్లకు తెలియదు.