మూడో బెంచీ అక్క

ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేసే ఆమెకు ముప్ఫై నిండవస్తున్నాయి. నాలుగేళ్ళ కూతురుంది. అయినా ఆమె పదో తరగతి విద్యార్థిని. ఏడుతో అటకెక్కిన చదువును మళ్ళీ కిందికి దించడానికి కారణం ఒకటే: క్యాంటీన్ సూపర్‌వైజరు ఉద్యోగం పది పాసైనవాళ్ళకే ఇస్తామన్నారు.

"గరిటె తిప్పడానికి అక్కర్లేని పది, గరిటె తిప్పేవాళ్ళని తిప్పడానికెందుకో!" అని అత్తగారు విసుక్కుంది గానీ, మర్నాటి నుంచే మనవరాలిని చంకనేసుకుంది.

ఎనిమిదో తరగతిలో మొదటిరోజు ఆమె గదిలో కాలు పెట్టగానే పిల్లలంతా దిగ్గున లేచి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. ఆమె తలొంచుకుని నేరుగా మూడో బెంచీకి వెళ్ళి కూర్చుంది. నిలబడ్డవాళ్ళకు కూర్చోవాలో వద్దో తెలియలేదు.

ఆ తరవాత మేడం పోయి అక్క అయింది. 'మీరు' మాత్రం 'మీరు'గానే ఉండిపోయింది. కుళాయి దగ్గర "అక్కా, మీరు ముందు పట్టుకోండి" అనేవారు. వరండాలో గుంపుగా నిలబడి కిసకిసలాడేవాళ్ళు ఆమె కనబడగానే గప్‌చుప్. ఆమె కూడా వాళ్ళను బాబూ, అమ్మా అనే పిలిచేది. బంట్రోతు గుమ్మంలోకొస్తే చాలు, పాపకేమైందోనని ఆమె సగం లేచి నిలబడేది. అతను పాఠం మధ్యలో సుద్దముక్కల కోసం వచ్చినా సరే.

పరీక్షల ముందు ఆఖరి రోజున పదో తరగతివాళ్ళు ఆ బడిలో తలుపులేసుకుని 'ఉతుకుడు' పెట్టుకుంటారు. టీచర్లకు ప్రవేశం లేదు. ఒక్కొక్కరే బోర్డు ముందు నిలబడాలి, మిగతావాళ్ళు ఆ నిలబడ్డవాళ్ళు హైస్కూల్లో చేసిన ఘనకార్యాలన్నీ తవ్వి తీసి ఉతికి ఆరేయాలి. ఉతుకుడు అయ్యేదాకా నిలబడ్డవాళ్ళు నోరెత్తకూడదు. ఆమెకు వారం నుంచీ అదే బెంగ. ఉతుకుతారని కాదు, ఉతకరని. పరాయివాళ్ళ బట్టలెవరు ఉతుకుతారు?

ముందు నిచ్చెన వంతు. అతను క్లాసులో అందరికన్నా పొడుగు.

"వీడు బల్లెక్కి గెంతితే పంకా తలకి తగిలింది. పంకా రెక్క వంగింది, వీడి తలకి మాత్రం గీత పడలేదు!"

"లోపలేమైనా ఉంటే కదా పడ్డానికి!"

గది గొల్లుమంది. తరవాత ఆమె వంతు. బోర్డు ముందు నిలబడి చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

లీడరు కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "అక్క మాకందరికీ ఆదర్శం. ఉద్యోగం చేస్తూ, పాపని చూసుకుంటూ..."

చప్పట్లు కొట్టారు. క్యాంటీన్‌లో ముసలి వంటమాస్టరు రిటైరైన రోజున కొట్టినట్టే ఉన్నాయవి. ఆమె మొహం చిన్నబోయింది. నోరెత్తకూడదన్న నియమం మరిచిపోయి అడిగేసింది.

"అంతేనా? ఇంకేం లేదా?"

"ఉంది గానీ..." అన్నాడు నిచ్చెన. మూడో బెంచీలో ఆమె పక్కన కూర్చునే పిల్ల అతని కాలు తొక్కింది. గొంతు పెద్దది గనక ఆ పిల్లను అందరూ గొట్టం అంటారు.

"చెప్పు బాబూ."

"మీరేమీ అనుకోరుగా?"

"అనుకుంటాను. చెప్పు."

నిచ్చెన చెప్పాడు. తొమ్మిదో తరగతిలో సైన్సు సారు ల్యాబులో తెల్లపొడులు గిన్నెల్లో పెట్టి, ఏది ఏదో పరీక్ష చేసి చెప్పమన్నారు. అందరూ బర్నర్లతో కుస్తీ పడుతున్నారు. ఈమె చెయ్యి మాత్రం క్యాంటీన్ అలవాటు కొద్దీ చిటికెడు తీసి నాలిక మీద వేసేసింది. "సార్, ఇది ఉప్పు!" సారు మొహం సున్నం కొట్టినట్టయింది. రెక్క పట్టి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, గంట కొట్టేదాకా పుక్కిలించమంటూనే ఉన్నారు.

అందరూ బర్నర్ల గొడవలో ఉన్నారు గనక, నాలిక మీద వేసుకున్న సంగతి సారుకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదనే ఆమె ఇంతకాలం అనుకుంది.

"నువ్వు చూడలేదన్నావు కదమ్మా?" అంది గొట్టంతో.

"అందరం చూశామక్కా. అప్పట్నుంచీ మీ పేరు ఉప్పక్క."

ఆమె చెవులు వేడెక్కాయి. వరండాలో ఆ గప్‌చుప్‌లన్నీ ఇందుకన్నమాట. ఒక్క క్షణం కోపమే వచ్చింది.

"మరి నా మొహం మీదెందుకు నవ్వలేదు?"

"పెద్దవారు కదా..."

"పెద్దదాన్నయితే? బల్లెక్కి గెంతినవాణ్ణి ఉతికారు, విషమో ఉప్పో చూడకుండా నోట్లో వేసుకున్నదాన్ని వదిలేస్తారా?"

అంతే, గట్టు తెగింది. హాజరు పిలిస్తే "ఆఁ, ఏం తల్లీ" అని పలికిన రోజు, లైబ్రరీలో అల్లరి చేస్తుంటే "ష్, పాప పడుకుంది" అన్న రోజు, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తరవాత నడుం మీద చెయ్యేసుకుంది.

"అయిందా? ఇప్పుడు నాది వినండి. ఒసే గొట్టం! అది ఉప్పని నా నోటి నుంచి విని, మర్నాడు సారు అడిగితే నువ్వేం చెప్పావే? 'మంటలో పసుపురంగొచ్చింది, ఉప్పే సార్!' నీ బర్నరు వెలిగిస్తే కదే రావడానికి! శభాష్ అన్నారు కూడానూ!"

గది కప్పు ఎగిరిపోయింది. నిచ్చెన కింద కూర్చుని నేలను కొడుతున్నాడు. గొట్టం మొహం కందగడ్డయింది.

"కూర్చోవే ఇంక! నీ వంతు అయిపోయింది!" అని గొట్టం ఆమె మీద అరిచి, నాలిక కరుచుకుంది.

ఆ నవ్వుల్లో ఆ 'వే'ని ఎవరూ గమనించలేదు. ఆమె మాత్రం విన్నది. వచ్చి మూడో బెంచీలో కూర్చుంటూ గొట్టాన్ని మోచేత్తో పొడిచింది.

"జరుగు, సగం బెంచీ నీదేనా?"

గొట్టం జరగలేదు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు నెట్టుకున్నారు.