అత్త స్వెట్టరులో ఎడమవైపు కన్నం

మా మేనత్త అల్లిన ప్రతి స్వెట్టరుకీ ఎడమవైపు ఛాతీ మీద ఒక కన్నం ఉంటుంది. చినిగిన కన్నం కాదు, ఎలుక కొరికింది అంతకన్నా కాదు. రెండు వేళ్ళు దూరేంత గుండ్రంగా, చుట్టూ పువ్వులాంటి క్రోషే అంచుతో, ఎంతో శ్రద్ధగా అల్లిన కన్నం. అందులోంచి ఒక తాడు బయల్దేరి మెడ దాకా పోతుంది. తాడు చివర సరిగ్గా చెవి దగ్గర వేలాడేలా ఒక కుచ్చు. స్వెట్టరు ఏ రంగుదైనా తాడు మాత్రం బిస్కెట్ రంగే. ఇదేమిటని ఎవరడిగినా అత్త దగ్గర ఒకటే జవాబు.

"పుస్తకంలో అలాగే ఉంది."

ఆ పుస్తకం నేను పుట్టకముందు అచ్చయింది. అట్ట మీద మీసాలాయన ఒకడు బండరాయి మీద కాలుపెట్టి, ఊలుతో అల్లిన నిక్కరు వేసుకుని, దూరంగా ఏదో చూస్తూ నవ్వుతుంటాడు. ఆ నిక్కరు వేసుకుని ఎవరైనా ఎలా నవ్వగలరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. లోపల గంట ఆకారపు ఊలు ప్యాంట్లు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి దూరే ఒకే స్వెట్టరు, అల్లిన టై, కుక్కకీ దాని యజమానికీ ఒకే రకం టోపీ ఉన్నాయి. అత్త అందులో ఏదీ వదల్లేదు. కుక్క లేకపోవడం వల్ల ఆ రెండో టోపీ రేడియోకి పెట్టింది.

బాత్‌రూమ్‌లో టాయిలెట్ కాగితం చుట్టకి గులాబీరంగు గౌను అల్లి, పైన బొమ్మ తలకాయ తగిలించింది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆడపిల్ల గౌను ఎత్తడానికి మొహమాటపడి అలాగే బయటికి వచ్చేసేవాళ్ళు. ఒకసారి మా నాన్నకి ఊలుతో ఈత నిక్కరు అల్లిపెట్టింది. నాన్న నీళ్ళలోకి దిగేటప్పుడు బాగానే ఉంది. ఎక్కేటప్పుడు నాన్న పైకి వచ్చాడు గానీ నిక్కరు రాలేదు. ఆ రోజు నుంచి ఆయన ఈత మానేశాడు. అక్కగారిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. ఆ కన్నానికి బాధ్యుడు తనే అని నాన్న నమ్మకం. పదహారేళ్ళ కిందట నాన్న ఆ పుస్తకం మీద టీ ఒలకబోశాడట. రెండు ఆకులు అంటుకుపోయి, ముప్ఫై ఏడో పేజీ తర్వాత తిన్నగా నలభయ్యో పేజీ వస్తుంది. ముప్ఫై ఏడులో మగవాళ్ళ స్వెట్టరు ఛాతీ దాకా ఉంటుంది. నలభైలో, టీ చల్లారకుండా కెటిల్‌కి వేసే ఊలు తొడుగు సగం నుంచి ఉంటుంది. "ఇప్పుడు కెటిల్ ముక్కు కోసం ఎడమవైపు కన్నం వదలండి. తాడు దూర్చి చివర కుచ్చు కట్టండి" అని ఉంటుంది. అత్త వదిలింది, కట్టింది.

"నేనా టీ సరిగ్గా పట్టుకుని ఉంటే ఇంటిల్లిపాదికీ ఈ కన్నాలు తప్పేవిరా" అని నాన్న చలికాలం వచ్చినప్పుడల్లా బాధపడేవాడు. "నేనే ఒలకబోశానని నాకు గుర్తు కూడా లేదు. అక్కయ్యే చెప్పింది."

కెటిల్‌కి చేతులుండవు, మెడ ఉండదు. అయినా అత్త స్వెట్టర్లకి చేతులూ మెడా అచ్చుపోసినట్టు కుదిరేవి. అదెలా అని ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. నేనేమో అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కామా పక్కకి జరిగితే నాకు అన్నం సయించదు.

"అత్తా, రెండు పేజీలు ఎగిరిపోయాయని తెలిసి కూడా అలాగే అల్లడమేంటి?" అని ఎన్నిసార్లు అడిగానో.

"అచ్చులో ఉన్నది తప్పెలా అవుతుందిరా?"

"తప్పులు లేకపోతే నాకు జీతమెందుకిస్తున్నారు?"

"అది మీ యజమాని మంచితనం" అని సూదులు తిప్పుకుంటూ పోయేది.

నాకు ఆఖరుగా అల్లిన స్వెట్టరు ఆవపిండి రంగుది. దాని మీద గుడ్లగూబ. కళ్ళకి కోటు గుండీలు. ఎడమ కన్ను ఉండాల్సిన చోటే కన్నం పడింది కనుక అది ఒంటికన్ను గుడ్లగూబ. ఒక్కసారి ఆఫీసుకి వేసుకెళితే అచ్చక్షరాలు కూర్చే కంపోజిటరు దాని కన్నంలో పెన్సిలు గుచ్చి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉంచుకున్నాడు. ఆ తర్వాత దాన్ని బీరువాలో అట్టడుగున పడేశాను.

ఆ స్వెట్టర్లని సంతోషంగా వేసుకునేవాడు ఒక్కడే. అత్తకి తమ్ముడు, మాకు బాబాయి. పోస్టాఫీసు కౌంటరులో పనిచేస్తాడు. ముప్ఫై దాటకుండానే చెముడు వచ్చింది. చొక్కా జేబులో అగ్గిపెట్టె కంటే పెద్ద వినికిడి మిషను, దాన్నుంచి చెవికి తీగ. నాన్న హితబోధ మొదలుపెట్టగానే మెల్లగా మీట తిప్పేసి, అంతా విన్నట్టు తలాడించేవాడు. ఇంట్లో అంత ప్రశాంతంగా బతికిన మనిషి ఇంకొకడు లేడు. అత్త ఎంత ఘోరమైన రంగు అల్లి ఇచ్చినా "బ్రహ్మాండంగా ఉందక్కా" అనేవాడు. ఆయనకి చూపు కూడా తగ్గిందని మేం అనుకునేవాళ్ళం.

ఇక అత్తకి ఏడాదికి ఒక్కటే సరదా. గ్రంథాలయం హాల్లో మహిళా సమాజం వాళ్ళు పెట్టే చేతిపనుల పోటీ. నెల ముందే చీర ఇస్త్రీ చేయించి పెట్టుకునేది. ఆరేళ్ళుగా పాల్గొంటోంది, ఆరేళ్ళుగా కడపటి స్థానం. న్యాయనిర్ణేత కుట్టుపని నేర్పే బడి ప్రధానోపాధ్యాయురాలు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు ఉంటుంది కాబట్టి ఊళ్ళో అందరికీ ఆవిడ టేపు మేడమే. ఈసారి పోటీకి వారం ముందు టేపు మేడం బజార్లో ఎదురుపడి నా ముందే చెప్పేసింది.

"చూడండీ, ఈసారి కూడా కన్నంతో తెస్తే వచ్చే ఏడాది నుంచి మీ పేరు రాసుకోను. ఆరేళ్ళు ఓపిక పట్టాను."

అత్త "అలాగేనండీ" అంది. ఇంటికెళ్ళి ఇస్త్రీ చీర మడతలు ఒకసారి సరిచేసి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఆవిడ చేతిలో అంత పనితనం ఉండి, కేవలం ఒక ముద్రణ దోషం లాంటి దానికి గెంటేయించుకోవడం నేను చూస్తూ ఊరుకోలేను. దోషాలు దిద్దడం నా వృత్తి.

మర్నాడు అత్త కూరగాయలకి వెళ్ళగానే పుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కెటిల్‌లో నీళ్ళు మరిగించి, ఆ ముక్కులోంచి వచ్చే ఆవిరికి అంటుకున్న ఆకుల్ని పట్టాను. పావుగంటకి వదులయ్యాయి. జాగ్రత్తగా విడదీశాను.

లోపల టీ మరక లేదు. చుక్క కూడా లేదు. కాగితం కొత్తదానిలా తెల్లగా ఉంది. నాలుగు అంచుల వెంబడీ మైదా జిగురు, బైండింగు మేస్త్రీ కూడా మెచ్చుకునేంత సన్నగా, సమంగా రాసి ఉంది. పేజీ ఖాళీలో పెన్సిలుతో అత్త అక్షరాలు: "తమ్ముడి మిషను జేబు మీదికి కన్నం రావాలి. రెండు వేళ్ళ వెడల్పు. తాడు రంగు తీగ రంగే. కుచ్చు చెవిని దాటకూడదు."

నేను దాన్ని మూడుసార్లు చదివాను. ప్రూఫు కూడా రెండుసార్లే చదువుతాను.

"ఎవర్నడిగి విప్పావురా దాన్ని?"

గుమ్మంలో అత్త. చేతిలో సంచీ.

"అత్తా, మా నాన్న టీ ఒలకబోయలేదా?"

"మీ నాన్న ఇంతవరకూ ఏదీ ఒలకబోయలేదు. పాపం, ఎవరో ఒకరి మీద పెట్టాలిగా." సంచీ కింద పెట్టి కూర్చుంది. "మిషను కొత్తలో మీ బాబాయి కౌంటరు దగ్గర ఎవరో చిన్నపిల్ల వాళ్ళమ్మని గట్టిగా అడిగింది. 'అమ్మా, ఈయన తీగ ఏ ప్లగ్గులో పెడతారు?' అని. క్యూలో అందరూ నవ్వారు. అంతే, మిషను తీసి సొరుగులో పడేశాడు. ఎవరేమన్నా ఊరికే నవ్వేవాడు. ఒకరికివ్వాల్సిన పార్సెలు ఇంకొకరికి ఇచ్చేవాడు. కౌంటరు నుంచి తీసేసి వెనక మూటలగదిలో వేస్తామన్నారు. అక్కడ మాట్లాడేవాళ్ళే ఉండరు. వాడు మాటలంటే ప్రాణం పెట్టే మనిషి కదరా."

"మరి స్వెట్టరు కింద పెట్టుకోవచ్చుగా?"

"ఊలు కప్పితే మిషనుకి వినపడదు. పైన పెడితే అందరికీ కనపడుతుంది. వాడొక్కడికి కన్నం పెట్టి అల్లితే ఎందుకో తెలిసిపోయి విసిరికొడతాడు. అందుకని ముందు మీ నాన్నకి అల్లాను. తర్వాత మీ అమ్మకి, నీకు, పోస్టుమాస్టరుకి, ఇద్దరు పోస్టుమాన్లకి. వాడిది ఏడోది. ఊళ్ళో సగంమంది చెవుల దగ్గర తాళ్ళు వేలాడుతుంటే వాడి తీగ ఎవడికి కావాలి? వాడంతట వాడే దూర్చుకున్నాడు." ఆవిడ మొహంలో ఆరు పోటీల మొదటి బహుమతులూ కనిపించాయి.

"సరే, పోటీకైనా ఒక్కటి మామూలుది అల్లొచ్చుగా అత్తా. నీకు వచ్చుగా!"

"ఒక్కటి సరిగ్గా అల్లానంటే మిగతావన్నీ కావాలని అల్లానని తెలిసిపోదూ? వాడు ముందు వరసలోనే కూర్చుంటాడు."

నాకు సిగ్గేసింది. ఆ ఆవపిండి రంగు గుడ్లగూబని నేను ఆరేళ్ళుగా పాత దుప్పట్ల కింద తొక్కి ఉంచాను. లేచి గిన్నెలో మైదా కలిపాను.

"జిగురు పల్చగా రాయి" అంది అత్త. "ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది."

పోటీ రోజున మా ఇల్లంతా కన్నాలతో, కుచ్చులతో ముందు వరసలో కూర్చుంది. నేను కూడా గుడ్లగూబతో వెళ్ళాను. టేపు మేడం అత్త స్వెట్టరు ఎత్తి, కన్నంలోంచి రెండు వేళ్ళు బయటికి పెట్టి సభకి చూపించింది.

"మళ్ళీనా?"

"పుస్తకంలో అలాగే ఉందండీ" అంది అత్త.

"ఏదీ ఆ పుస్తకం?"

నేను లేచి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ పేజీల మధ్య జిగురు నేను మొన్న రాసిందని నాకూ అత్తకీ మాత్రమే తెలుసు. మేడం ముప్ఫై ఏడు చదివి, పేజీ తిప్పి, నలభై చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"మీరు ప్రూఫులు దిద్దుతారట కదా. ఇది తప్పు కాదంటారా?"

పదకొండేళ్ళ సర్వీసులో నేను తెలిసి ఒక్క తప్పునీ దాటనివ్వలేదు. బాబాయి వైపు చూశాను. కుచ్చు చెవి మీదికి సర్దుకుని, ఒక్క మాట పోకుండా వింటున్నాడు.

"ఒక్క అక్షరం కూడా తప్పు లేదండీ" అన్నాను.

మేడం పుస్తకం మూసి నాకిచ్చేసింది. ఆవిడ కూడా పుస్తకాల మనిషే. చివరికి అత్తకి కడపటి స్థానమే ఇచ్చింది గానీ పేరు కొట్టేయలేదు. పైగా ఒక ప్రశంసాపత్రం రాసిచ్చింది, "సూచనలను తు.చ. తప్పకుండా పాటించినందుకు" అని. అత్త దాన్ని రెండు చేతులా పుచ్చుకుంది. హాలులో అందరి చప్పట్లూ ఆగిపోయాక కూడా బాబాయి కొడుతూనే ఉన్నాడు.

బయటికి వస్తుంటే బాబాయి నా భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. అత్త ఎక్కడుందో ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"ఒరేయ్, నీకొకటి చెప్తాను, అక్కతో అనకు. మీ అత్తకి అల్లిక రాదురా. బాధపడుతుందని పదహారేళ్ళుగా వేసుకుంటున్నాను. ఆ కన్నానికి ఏదో ఒక ఉపయోగం ఉన్నట్టు కనపడాలని నా మిషను తీగ అందులోంచి తీశాను. లేకపోతే నాకు ఈ తీగతో బయట తిరగడమంటే ఎంత నామోషీయో నీకేం తెలుసు?"

"అనను బాబాయ్" అన్నాను, నా చెవి దగ్గర కుచ్చు సర్దుకుంటూ.