మా అత్త సరిచూసిన జనాభా పుస్తకం

హిందూపురంలో నాకొక చిన్న ప్రచురణ సంస్థ ఉంది. జనాభా మీద వెనకటి పండితులు ఇంగ్లీషులో రాసి, ఇప్పుడెక్కడా దొరకని పుస్తకాలను మళ్లీ అచ్చువేసి కాలేజీ లైబ్రరీలకు, పరిశోధన చేసేవాళ్లకు అమ్ముతాను. "ఇవి ఎవరు కొంటారు?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. కొనేవాళ్లున్నారు. వాళ్లను మెప్పించడం మాత్రం తేలిక కాదు.

పెనుకొండలో ఒక రిటైర్డు లెక్చరర్ ఉన్నారు. నేను అచ్చువేసే పాత ప్రతులన్నీ ఆయన బీరువాలోవే. మొదటి పుస్తకం అచ్చువేసి తీసుకెళ్తే నాలుగు పట్టికలు తిరగేసి మొహం చిట్లించారు. మూడు ఉండాల్సిన చోట ఎనిమిది పడింది, అదీ ఒకచోట కాదు.

"ఏమప్పా, అంకె తప్పితే ఊరే తప్పినట్టు గదా! ఇంకొక్క పుస్తకం ఇస్తా. అదీ చెడగొడితే మళ్లీ నా గడప తొక్కొద్దు."

ఆయనిచ్చిన రెండో పుస్తకం పట్టుకుని బయటపడ్డాను. ఆ బీరువా మూతపడితే నా సంస్థ కూడా మూతపడినట్టే.

డిగ్రీలున్న ఇద్దరికి ప్రూఫులు ఇచ్చి చూశాను. వాక్యాలు బాగా దిద్దారు, అంకెలను వదిలేశారు. అప్పుడు ధర్మవరంలోని మా మేనత్త గుర్తొచ్చింది. చదివింది అయిదో తరగతి. పట్టుచీర డిజైను గళ్ల కాగితం మీద గీసిస్తే, గడి గడీ చదువుకుంటూ మగ్గానికి పెట్టే అట్టలకు చిల్లులు కొట్టడం ఆమె పని. ఒక్క చిల్లు తప్పితే చీర పొడుగునా నెమలికి కన్ను ఉండదు.

ప్రూఫులు తీసుకెళ్లి ముందు పెడితే, "ఇంగ్లీషు నాకేం తెలుస్తాదప్పా?" అంది.

"అంకెలే అత్తా."

"అంకెలైతే కూర్చో."

పాత పుస్తకం మీద స్కేలు పెట్టి ఒక్కో అంకే పైకి చదివేది. నేను కొత్త ప్రతిలో వేలు పెట్టి చూసుకునేవాణ్ణి. ఆవలిస్తే కసిరేది. వరుస కాగానే అడ్డంగా కూడి చూసేది, అట్టల దగ్గర పడిన అలవాటు. అట్లా ఒక ఊరి దగ్గర ఆగిపోయింది.

"మగోళ్లను, ఆడోళ్లను కలిపితే మొత్తం రాలేదే. కొంతమంది తక్కువుండారు. యాడ పోయినారప్పా?"

తప్పు పాత పుస్తకంలోనే ఉంది. గుట్టుచప్పుడు కాకుండా దిద్దేద్దామన్నాను.

"డిజైను ఇచ్చినోళ్లను అడక్కుండా గడి మార్చేదానికి నువ్వెవరు?"

అంకెను అట్లాగే ఉంచి, కూడితే మొత్తం రావడం లేదని పేజీ కింద ఒక గమనిక వేశాను.

అచ్చయిన పుస్తకాన్ని లెక్చరర్ గారు పాత ప్రతి పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా చూశారు. ఒక్క తప్పూ దొరకలేదు. చివరికి ఆ గమనిక దగ్గర ఆగి, పెన్ను తీసి తనే కూడారు. మళ్లీ కూడారు.

"ఈ పట్టికను ఇన్నేండ్లు పాఠం చెప్పినా. ఒక్కసారీ కూడి చూడలే. ఎవరు పట్టినారు?"

చెప్పాను. అయిదో తరగతి అన్న మాట కాస్త గట్టిగానే చెప్పాను.

ఆయన లేచి, బీరువా తెరిచి, మిగిలిన పుస్తకాలన్నీ రెండు సంచుల్లో సర్దారు. నేను చేతులు చాచాను.

"నీకిస్తాండా అనుకుంటివా? ఆయమ్మకిస్తాండా. నువ్వు మోసుకోని పో."

ధర్మవరం రైలెక్కాను. భుజాలు లాగేస్తున్నా ఆ సంచులు కింద పెట్టబుద్ధి కాలేదు.