ముందే ఇచ్చేసిన గుండు

ఒక్క గుండుతో ఫ్యాక్టరీలో లైను మొత్తాన్ని అరపూట ఆపేసిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూసినారా? నేనే అప్పా! జాలి పడొద్దండి, కడుపారా నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుకుంటానే ఉండాను.

మాది వడమాలపేట. డిప్లొమా అయినాక తిరుపతి పక్కన సెల్‌ఫోన్ కెమెరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరినాను. ఆ కెమెరాలు బిగించే గది ముందు మా అమ్మ పూజగది కూడా దిగదుడుపే. కంటికి కనపడని దుమ్ము లెన్సు మీద పడినా ఆ కెమెరా చెత్తబుట్టలోకే. అందుకని నెత్తి నుంచి కాళ్లదాకా తెల్లబట్టలు తొడుక్కుని, కళ్లు మాత్రం కనపడేట్టు లోపలికి పోవాల. గాల్లో దుమ్మెంతుందో లెక్కపెట్టే మిషన్ గోడకి ఉంటాది. ఎక్కువైతే ఎర్రలైటు వేసి కుయ్యోమని అరస్తాది.

నాకు పుట్టుకతోనే ఒక జబ్బు ఉండాది. దేన్ని చూసినా 'ఇది ఎట్ల పనిచేస్తాదబ్బా?' అని తెలుసుకోకుంటే అన్నం సయించదు. ఆలోచనలో పడితే చెయ్యి దానంతటదే పోయి నెత్తి గోకతాది. ఆపరేటరు పని బటన్ నొక్కడం వరకే. మిషన్ మూత తీసి లోపల చూడాలంటే టెక్నీషియన్ కావాల. ఆ ఏడు మా లైనులో ఒక్కరినే తీసుకుంటామన్నారు. సోమవారం పరీక్ష.

"టెక్నీషియన్ అయితే గుండు ఇస్తానని స్వామికి మొక్కుకోరా" అనింది అమ్మ.

"అయినాక ఇస్తే ఏం గొప్ప? అందరూ అట్లే ఇస్తారు. నేను ముందే ఇచ్చేస్తా. స్వామికి మొహమాటంగా ఉండాల!"

"స్వామికి మొహమాటమేందిరా, నీ బుద్ధి కాలిపోను!"

ఆదివారం కొండకి పోయి గుండు చేయించుకుని, గంధం మందంగా పట్టించుకుని దిగినాను. మరుసటి దినం స్నానం భుజాల వరకే చేసినాను. పరీక్ష పూట కొండ మీది గంధం కడుక్కుంటారా ఎవరైనా? మీరే చెప్పండి.

లోపలికి పోయిన పది నిమిషాలకే గోడ మీది మిషన్ కుయ్యోమనింది. లైను ఆగిపోయింది. పరీక్ష పెట్టాల్సిన ఇంజనీరు వసంత మేడం పరుగున వచ్చి, "ఇంక వేరే పరీక్ష ఎందుకు? దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి" అని నాకూ, నాతో పోటీపడే మునిరత్నానికీ చేతిలో పట్టుకునే దుమ్ము మీటర్లు ఇచ్చింది.

నా సంబరం చూడాల! గాలి వచ్చే ఫిల్టరు కింద నిలబడి బాగా ఆలోచించినాను. మీటర్లో అంకె ఎగిరింది.

"ఫిల్టరే మేడం!"

విప్పి చూసినారు. ముత్యంలా ఉండాది. బెల్టు దగ్గరికి పోయి ఇంకా బాగా ఆలోచించినాను. అంకె మళ్లీ ఎగిరింది.

"బెల్టు అరిగింది మేడం!"

దాన్నీ ఊడబెరికినారు. ఏమీ లేదు. తలుపు రబ్బరు కూడా పీకించినాను. మేడం ముఖం నాకు కనపడలేదు కానీ కళ్లు మాత్రం బాగా కనపడినాయి.

"ఏందప్పా ఇది! ఎంత ఆలోచిస్తే అంత దుమ్ము వస్తా ఉండాది" అన్నాను మునిరత్నంతో.

వాడు నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏదీ, మళ్లీ ఆలోచించు" అన్నాడు.

ఆలోచించినాను. అంకె ఎగిరింది.

"చెయ్యి దించు."

దించినాను. అంకె తగ్గింది.

"ఇప్పుడు గోక్కో."

గోక్కున్నాను. ఎండిన గంధం ముఖం పక్క టోపీ సందులోంచి సన్నగా రాలింది. ఆహా, ఎంత ఆనందం! అరపూట ఏడిపించిన చిక్కుముడి విడిపోయింది కదా!

"దొరికింది మేడం, దొరికింది!" అని గది అదిరేట్టు అరిచినాను. అరిచినాక తట్టింది, దొరికింది నేనేనని.

"ఎక్కడ?"

వేలు నెత్తి మీద పెట్టుకున్నాను. "ఈడ, మేడం."

బయటికి తీసుకుపోయి టోపీ తీయించింది. వరండా అంతా గంధం వాసన.

"ఎప్పుడు చేయించుకున్నావయ్యా?"

"నిన్న మేడం."

"ఎందుకు?"

"ఈ ఉద్యోగం కోసమే మేడం."

మేడం గోడవైపు తిరిగి చాలాసేపు నవ్వింది. ఆమెకేం, నవ్వతాది. రిపోర్టులో 'కారణం' అనే గడిలో నా చేత్తోనే 'నా గుండు' అని రాయించినారు. ఉద్యోగం మునిరత్నానికి పోయింది. బస్సులో ఇంటికి పోతా నిజంగానే ఏడ్చినాను.

మరుసటేడు నేనూ టెక్నీషియన్ అయినాను. మిషన్ మూత తీయొచ్చని స్క్రూడ్రైవరు పట్టుకుని పోతే, మేడం నన్ను గది గుమ్మం దగ్గర నిలబెట్టింది.

"మన ఊర్లో వారానికి నలుగురు గుండుతో డ్యూటీకి వస్తారు. తలలు చూసి లోపలికి పంపు. నీకన్నా అనుభవం ఎవరికుంది?"

ఇంటికి పోతే అమ్మ కాచుకోని ఉండాది. "ఉద్యోగం వచ్చింది కదా, పద కొండకి."

"ముందే ఇచ్చినా కదమ్మా గుండు!"

"అది పోయిన ఉద్యోగానికి."

మళ్లీ ఇచ్చినాను. మూడు దినాలు లీవు పెట్టి, రెండు సబ్బులు అరగదీసినాక డ్యూటీకి పోయినాను.

ఏడుకొండల సాక్షిగా ఒట్టు పెడతా ఉండాను. ఇక మీదట ఏ మొక్కూ ముందుగా తీర్చను. నెత్తిన గంధంతో గుమ్మం దాటను. ఇంక, తప్పు యాడుండాదో దొరికినా సరే, అది ఎవరి నెత్తి మీద ఉండాదో తడిమి చూసుకోకుండా 'దొరికింది' అని చచ్చినా అరవను.