అగ్గిపెట్టెలో పురుగు

కామారెడ్డిలో పురుగుల మందు సీసా కొనుక్కుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. మా పెరట్లో ఉన్న ఒక్క చిక్కుడు పందిరికి ఆకుల రసం పీల్చే పేనుబంక పట్టింది. ఆ పేల మధ్య తిరిగే నల్లటి గరుకు పురుగే ఆకుల్ని తింటోందని నమ్మి, దుకాణంలో చూపించడానికి ఒకదాన్ని, పేలు కమ్మిన ఆకుతో సహా, పొద్దున్నే అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను.

పక్కన ఒడిలో బీరకాయల సంచితో ఒక అవ్వ కూర్చుంది. సీసా చూసి, "ఎవల మీదికి బిడ్డా గా మందు?" అంది.

గ్రంథాలయంలో చీడపీడల పుస్తకం రెండుసార్లు చదివినవాణ్ణి. అగ్గిపెట్టె తెరిచి పాఠం మొదలుపెట్టాను. అవ్వ మధ్యలోనే ఆపింది.

"నీ ముచ్చట తర్వాత. గదేం తింటున్నదో సూడు."

చూశాను. ఆకు సగం శుభ్రంగా ఉంది. పురుగు నోట్లో ఇంకో పేను ఉంది.

"అక్షింతల పురుగు పిల్ల గది. కావలోన్ని జైల్ల ఏసి, దొంగలను పందిరి మీద ఇడిసొచ్చినవ్!" అని పకపకా నవ్వింది.

పుస్తకంలో ఎర్ర రెక్కల అక్షింతల పురుగు బొమ్మే ఉంది, దాని పిల్ల బొమ్మ లేదు. ఆ మాటే చెప్పాను.

"నేను సదువలే బిడ్డా. పందిరి కింద కూసున్న."

"మరి మందు కొట్టకపోతే చిక్కుడు దక్కుతదా అవ్వా?"

"రెండు తీగలు పోతయేమో. మందు కొడితే కావలోడు గూడ పోతడు."

లింగంపేటలో ఆమె దిగిపోయింది.

ఇంటికెళ్లి పురుగును పందిరి మీద వదిలాను. అవ్వ అన్నట్టే రెండు తీగలు ఎండిపోయాయి. మిగిలినవి కాశాయి. సీసా మూత ఇప్పటికీ తియ్యలేదు. పుస్తకాలు ఇంకా తెచ్చుకుంటూనే ఉన్నాను, కాకపోతే పందిరి కింద కూర్చుని చదువుతున్నాను.